మేక మొదటి పిల్ల

పలాస జీడి ఫ్యాక్టరీలో నన్ను ఒక్కచోట కూర్చోబెట్టడమే మేస్త్రీకి సగం పని. పీట మీద కూర్చుని, కత్తి కింద పిక్క పెట్టి, మీట నొక్కి, పప్పు తీసి పక్కన వెయ్యాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంతే. మిగతా ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ చేసుకుపోయేవారు. నాకు మాత్రం గంట గడవకముందే దాహమేసేది, వేళ్ళకు ఆముదం రాసుకోవాలనిపించేది, బయట ఏదో లారీ ఆగినట్టనిపించేది. జీడిసొన తగిలి వేళ్ళు నల్లబడి తోలు ఊడేది. అన్నం కలిపితే చురుక్కుమనేది. అయినా ఆ పని మీద నాకు అసహ్యం పుట్టించింది మంట కాదు, పీట.

"కాలు కాలిన పిల్లిలాగ తిరుగుతావేటే?" అనేది మా అత్త. ఆవిడ తీరు నాకు పూర్తి విరుద్ధం. ఆదివారం చర్చిలో చాప మీద కూర్చుందంటే ఆఖరి ప్రార్థన దాకా మోకాలు మార్చదు. కొట్టువాడు పొరపాటున చిల్లర ఎక్కువిస్తే ఎంత ఎండలోనైనా వెనక్కి నడిచి వెళ్ళి ఇచ్చొస్తుంది. ఆవిడ నిజాయితీతో వేగలేక ఒక్కోసారి నాకు ఫ్యాక్టరీయే నయమనిపించేది.

మా ఆయన కూడా అదే ఫ్యాక్టరీలో, పిక్కలు ఉడికించే బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆయన కాళ్ళు వాయడం మొదలైంది. మా ఉద్దానం ఊళ్ళలో మగవాడికి కాళ్ళు వాచాయంటే అదేమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, కిడ్నీలు దెబ్బతిన్నాయని, వేడి దగ్గర పని మానెయ్యమన్నాడు. ఇంటిపట్టున ఉండి చేసుకునేదేదైనా చూసుకోమన్నాడు. ఆ మాట చెప్పింది ఆయనకు, పట్టుకున్నది నేను.

బస్సు దిగేసరికి నా తలలో అంతా సిద్ధమైపోయింది. జలంత్రకోట దగ్గర కొబ్బరి తోటల మధ్య మా ఇల్లు. తుఫానులకు సగం చెట్లు పోయి, వెనకాల ఇసక పెరడు ఖాళీగా పడి ఉంది. గట్టు వెంట పనస చెట్లున్నాయి. ముందు కోళ్ళు, తర్వాత మేకలు, ఆ తర్వాత ఒక ఆవు. ఆయన నీడన కూర్చుని చూసుకుంటాడు. మంద కాస్త పెరిగితే నేనూ ఆ పీట దిగిపోవచ్చు. ఇదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆయన నవ్వాడు.

"ఆలు నేదు, సూలు నేదు, కొడుకు పేరు సోమలింగం."

"నువ్వలగే నవ్వు మావా. సూద్దువు గాని," అన్నాను.

ఆ వారమే టెక్కలి సంతలో నాటుపెట్టలనూ ఒక పుంజునూ కొని గంపలో వేసుకుని బస్సెక్కాను. దారి పొడుగునా పుంజు గంపలోంచి మెడ సాచి, పక్క సీటాయన చేతిని పొడుస్తూనే ఉంది. ఆయన తిట్లన్నీ నేనే తిన్నాను.

కోళ్ళు పెంచడమంటే కూడా కూర్చోవడమేనని నాకప్పుడు తెలియదు. పెట్ట పొదగడానికి కూర్చుంటే దాని జోలికి పోకూడదు. నేను ఊరుకోలేక మాటిమాటికీ గంప ఎత్తి చూసేదాన్ని. పెట్టకు విసుగొచ్చి గుడ్లు వదిలేసి పోయింది. "అది పొదగాలా, నువ్వు పొదుగుతావా?" అని ఆయన నన్ను అవతలికి తరిమేసి, తనే గంప పక్కన మంచం వేసుకున్నాడు. ఈసారి పిల్లలు లేచాయి. కొబ్బరిమట్ట చేతపట్టుకుని కాకుల్నీ గద్దల్నీ అదిలిస్తూ ఆయన అక్కడే ఉండేవాడు. డాక్టరు ఆయన్ని గుడ్లూ మాంసమూ తగ్గించమన్నాడు. ఇంటినిండా కోళ్ళు, ఆయన కంచంలో చప్పిడి కూర. అది నాకు ఎంత కష్టంగా ఉండేదో ఆయనతో అనలేదు.

ఎండలు ముదిరాక కొక్కెర తెగులు వచ్చింది. పొద్దున్న మేత తిన్న పెట్ట మధ్యాహ్నానికి మెడ వాల్చేసేది. పుంజుతో సహా చాలా వరకు పోయాయి. గోతులు తీసి పాతిపెడుతూ నేను ఏడవలేదు, తిట్టాను. సంతలో అమ్మినవాణ్ణి, ఎండల్ని, నన్ను, అందరినీ తిట్టాను.

మేక వచ్చింది అప్పుడే. పలాస బజారులో ఎండుచేపలమ్మే భావనపాడు ఆవిడ ఒకతె ఉండేది. అక్క వరసని నేను అప్పా అని పిలిచేదాన్ని. ఆవిడకో మేక ఉంది. అది ఎండబెట్టిన నెత్తళ్ళ మీద తిరిగి తొక్కేస్తుందని, వలతాళ్ళు నమిలేస్తుందని, రేవులో రోజూ తగువులే.

"నువ్వు తీసుకెల్లి మేపుకో సెల్లీ," అంది. "మొదటి ఈత పిల్లలు నీవి, రెండో ఈతవి నావి. ఆ తర్వాత మల్లీ నీవి. మేకమట్టుకు నాదే."

మా వైపు పశువుల్ని ఇలా పాలికివ్వడం మామూలే. మేక చూడితో ఉంది కూడా. నేను మరో మాట లేకుండా ఒప్పుకుని, చేపల ఆటోలోనే దాన్ని ఎక్కించుకొచ్చాను. ఒళ్ళంతా ఎండుచేపల వాసన. పనస ఆకు చూపిస్తే మాత్రం చంటిపిల్లలా వెంటపడేది. ఆ కడుపులో ఒక్క ఆడపిల్ల ఉంటే చాలనుకున్నాను. పోతుపిల్ల అయితే ఒకనాటి డబ్బు, ఆడదయితే మంద. దాని పిల్లలు, ఆ పిల్లల పిల్లలు, అన్నీ మావే.

ఈలోగా మందులు పనిచేసి ఆయన కాళ్ళ వాపు తగ్గింది. ఆ ఆదివారం చర్చిలో మా అత్త సాక్ష్యం చెప్పడానికి లేచింది. కొడుకు కాళ్ళ వాపు తీసిన దేవుడికి, మా మేక ఈనే మొదటి పిల్లని కోత పండుగ కానుకగా ఇస్తానని అందరి ముందూ మొక్కేసింది. సంఘమంతా హల్లెలూయ అంది. వెనక చాప మీద కూర్చున్న నాకు తల తిరిగిపోయింది.

ఇంటికొచ్చాక పట్టలేకపోయాను. "మన పేరున ఒక్క మేక నేదత్తా! ఉన్నదే ఆ పిల్ల. అది ఇచ్చెయ్యడానికి నువ్వెవలివి?"

"దేవుడిచ్చింది దేవుడికిచ్చేను. నీకొచ్చిన కట్టమేటి?"

ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. కవలలు పుట్టాలి, పోతు ముందు పుట్టాలి, ఆడది తర్వాత పుట్టాలి. అప్పుడు దేవుడిది దేవుడికి, మాది మాకు. దేవుడితోనే ఇలా బేరం పెట్టుకున్నాను. మేక కాస్త మూలిగినా పని వదిలేసి పరుగెత్తేదాన్ని. పుట్టబోయే పిల్లలకు దొడ్డి కట్టాను. నచ్చక పీకేసి మరో పక్కన కట్టాను. మంచం మీంచి ఆయన చూసి నవ్వడం, నేను ఉడుక్కోవడం, ఇదే పని.

మేక ఈనిన రోజు ఆయన మళ్ళీ రక్తపరీక్షకు పలాస వెళ్ళాడు. తోడు వెళ్ళాల్సింది నేనే. మేక పొద్దున్నుంచి నేల గీరుతుండటంతో ఆగిపోయాను. ఆగినదాన్ని దాని దగ్గర కూర్చోవచ్చు కదా. కూర్చోలేక, పనస ఆకు కోసుకొస్తానని గట్టు మీదికి పోయాను. తిరిగి వచ్చేసరికి కింద తడితడిగా రెండు పిల్లలు. ఒకటి పోతు, ఒకటి ఆడది. మా అత్త గోనెగుడ్డతో తుడుస్తోంది.

ఆకుమోపు దించకుండానే అడిగాను. "ఏది ముందు?"

"ఆడది."

మోపు అక్కడే పడేశాను. "పోతే ముందని సెప్పొచ్చు గదత్తా. ఎవలు సూసేరు?"

"ఎవలూ సూడ్నేదని అబద్దమాడమంతావేటే?" అంది, గుడ్డ తిప్పి పట్టుకుని.

ఇంకెవరైనా అయితే నమ్మేదాన్ని కాదు. చిల్లర తిరిగిచ్చే మనిషి చెప్పిన మాట కాబట్టి నమ్మాను, నమ్మి నెలల తరబడి ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ ఆడపిల్ల మా ఆయనకు బాగా మాలిమి అయింది. మంచం కింద పడుకునేది, ఆయన తువ్వాలు నమిలేది. కోత పండుగ రోజున మా అత్తే దాన్ని చంకనేసుకుని వెళ్ళింది. గుమ్మడికాయలు, కొబ్బరి గెలలు, కోళ్ళు, కొత్త బియ్యం, అన్నీ వరసగా వేలం వేశారు. ఇచ్చినింటివాళ్ళే మళ్ళీ వేలం పాడుకోవడం మా సంఘంలో మర్యాద కాదు. సోంపేట వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం పాడుకుంది. వాళ్ళ ఆటోలోంచి అది అరుస్తుంటే నేను ఆఖరి ప్రార్థన కోసం ఆగకుండా ఇంటికొచ్చేశాను. సోమవారం ఫ్యాక్టరీకి పోయి మళ్ళీ పీట మీద కూర్చున్నాను.

క్రిస్మస్ దగ్గరపడ్డాక పోతుని కాశీబుగ్గ మాంసం కొట్టువాడికి అమ్మాం. బేరమాడింది మా అత్తే. ఆ డబ్బుతో ఆయన్ని విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ ఆయనకి రక్తం శుద్ధి చేసే మిషను పెట్టారు. ఇంటికొచ్చాక కొన్నాళ్ళు ఆయన మొహం తేటపడింది. ఆవుకి పాక ఎటువైపు వేద్దామని నన్నే అడిగాడు. తూర్పు వైపని నేను, గాలి కొడుతుంది వద్దని ఆయన, పోట్లాడుకున్నాం కూడా. మరుసటి జీడి కోతల కాలానికి ఆయన లేడు.

రెండో ఈత పిల్లలు భావనపాడు అప్ప పట్టుకెళ్ళింది. మూడో ఈతలో మా పాలికి ఆడపిల్ల వచ్చింది. అది ఎదిగింది, ఈనింది, దాని పిల్లలూ ఈనాయి. కోళ్ళకు టీకాలు వేయించడం నేర్చుకున్నాను. ఫ్యాక్టరీ మానేశాను. అనుకున్నవన్నీ, ఆవు తప్ప, ఒక్కొక్కటే వచ్చాయి. నీడన కూర్చుని చూసుకోవలసిన మనిషి లేడు. అందుకే నాకు ఆ మందను చూస్తే సంతోషమూ, ఒళ్ళుమంటా రెండూ కలిగేవి.

చాలా ఏళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం మా మేకల్లో ఒకటి కవలల్ని ఈనింది. నేనూ మా అత్తా దగ్గరే ఉన్నాం. పోతు ముందు జారింది, దాని వెనక ఆడది. మా అత్త గోనెగుడ్డతో వాటిని తుడవడం మొదలెట్టింది.

"ఆ యేడూ ఇలగే," అంది. "పోతే ముందు పుట్టింది."

"ఆడదని సెప్పేవు గదా!"

"పోతుని ఇచ్చీసి ఆడదాన్ని ఉంచితే, అది ఎదిగి, సూలై, ఈని, మన సేతికి డబ్బెప్పుడొచ్చును? పోతయితే కిస్మస్‌కి అమ్ముడైపోద్ది. నా కొడుక్కి అంతకాలం ఉందని నాకనిపించనేదమ్మా."

"దేవుడి మొక్కులోనా అబద్దమాడేవు?"

"దేవుడికి ఆ రోజే సెప్పీసేను. నీకే సెప్పనేదు."

కోపం వచ్చింది. చాలా కోపం వచ్చింది. అబద్ధానికి కాదు. కొడుకు పోతాడని తెలిసి, ఆ దుఃఖం ఒక్కతే మోసింది. నేను మాట్లాడకపోయినా మోసింది. అందులో సగం నాది కాదా? ఆ సంగతి నాకు తెలిసుంటే నేను పనస ఆకుల వెంట తిరిగేదాన్నా? ఆయన మంచం దగ్గర కూర్చునేదాన్ని కదా?

"నాకు సెప్తే ఏటైపోయేదత్తా?" అన్నాను.

"సెప్తే నువ్వు కుదురుగా కూకుండిపోదువు," అంది మా అత్త. "నువ్వలగ పరుగులెట్టడం సూసే, ఆడు బతుకుతానని అనుకునీవోడు."