ఉగాది మర్నాటి జ్వరం

2023, మార్చి నెల. బెంగళూరులో ఓ పాత విశ్వవిద్యాలయం, పరిపాలనా భవనం మొదటి అంతస్తులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్. నియామకం నుంచి పింఛను దాకా ఉద్యోగి బతుకంతా ఈ సెక్షన్ ఫైళ్ళలోనే నడుస్తుంది. అందులో సెలవుల టేబుల్ నాది. జీతంతో కూడిన సెలవు ఎవరికి దక్కుతుంది, ఎవరికి దక్కదు అన్నది చూసి, ఫైల్లో నోట్ రాసి పైకి పంపడం నా పని. బయటివాళ్ళకు ఇది చప్పటి ఉద్యోగంలా కనిపిస్తుంది. ఇళ్ళలో జరిగే పురుళ్ళూ పెళ్ళిళ్ళూ చావులూ అన్నీ ముందు సెలవు చీటీలై నా టేబుల్ మీదికే వస్తాయని వాళ్ళకు తెలియదు.

మా క్యాంపస్‌కు ఏటా ఒక జబ్బు వచ్చేది. సరిగ్గా ఉగాది మర్నాడు. ఆ రోజును ఇక్కడ హొసతొడకు అంటారు. ఉగాది నాడు బొబ్బట్లు తిన్న ఇళ్ళు మర్నాడు మాంసం వండుకుంటాయి. తెల్లవారకముందే మాంసం కొట్ల ముందు బారులు, మధ్యాహ్నం అయినవాళ్ళందరితో పెద్ద ఊట, అంటే విందు భోజనం. అసలు పండగ అదేననే ఇళ్ళు చాలా ఉన్నాయి. కానీ క్యాలెండర్లో ఎర్ర అంకె ఉగాదికే ఉంది గాని ఆ మర్నాటికి లేదు. అందుకని ఆ రోజు ఎలక్ట్రికల్ సెక్షనుకు జ్వరం, లైబ్రరీకి విరేచనాలు, పరీక్షల విభాగానికి నడుంనొప్పి. నగర్తపేటలో మాది తరతరాలుగా మాంసం ఎరగని ఇల్లు. ఏటా ఖాళీ కుర్చీల మధ్య నేనొక్కదాన్నే కూర్చుని, ఆ తర్వాత వచ్చే జ్వరం చీటీలన్నీ మంజూరుకు పెట్టేదాన్ని. అందరికీ తెలిసిన అబద్ధం కాబట్టి ఎవరికీ తప్పుగా తోచేది కాదు.

ఆ ఏడు కొత్త రిజిస్ట్రార్ వచ్చారు. ఉత్తర కర్ణాటక మనిషి, ఆయన ఊళ్ళో ఈ హొసతొడకు లేదు. క్రమశిక్షణ అంటే ప్రాణం. ఉగాదికి ముందే సర్క్యులర్ పంపారు. పండగ మర్నాడు ఎవరికీ క్యాజువల్ లీవ్ లేదు, ఒంట్లో బాగాలేకపోతే తప్ప. క్యాజువల్ లీవ్ అంటే చిన్నాచితకా అవసరాలకు ఏడాదిలో కొన్ని రోజులు దొరికే, జీతం తెగని సెలవు. చివర ఉన్న ఆ తోక చూసి క్యాంపస్ అంతా ఊపిరి పీల్చుకుంది. ఒక్క మునివెంకటప్ప తప్ప.

మునివెంకటప్ప పంప్ ఆపరేటర్. హాస్టళ్ళకూ ల్యాబులకూ నీళ్ళు ఎక్కించే పంపుహౌస్ చూసుకుంటాడు. దినకూలీగా సగం వయసు అరగదీశాక ఎట్టకేలకు ఉద్యోగం వచ్చింది, అదీ ప్రొబేషన్ మీద. ఆ పరీక్షాకాలం ఏ మచ్చా లేకుండా గడిస్తేనే ఉద్యోగం ఖాయమవుతుంది. వేసవి దాటితే గట్టెక్కినట్టే. పండగకు ముందే అతని సెలవు చీటీ వచ్చింది. కారణం దగ్గర, "హొసతొడకు. మా అన్న ఊటకు వస్తాడు" అని ఉంది. చదవగానే నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. అనుకున్నట్టే సెలవు ఇవ్వలేమని పైనుంచి తిరిగొచ్చింది. హొసతొడకు నాడు మునివెంకటప్ప పనికి రాలేదు.

మర్నాడే మెమో. ఆ గైర్హాజరును డైస్ నాన్‌గా ఎందుకు పరిగణించకూడదో చెప్పమని. డైస్ నాన్ అంటే ఆ రోజు అతని సర్వీసులో లేనట్టే. ఒక రోజు జీతం పోవడం చిన్న సంగతి. ప్రొబేషన్‌లో ఉన్నవాడి మీద ఆ మాట పడితే ఉద్యోగమే అనుమానం.

మా సూపరింటెండెంట్ మెత్తటి మనిషి. మునివెంకటప్పను పిలిపించి కూర్చోమన్నారు.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుండాది నీ కత. పాత చీటీ పక్కన పెట్టేస్తాం. జొరమని ఇంకొకటి రాసియ్యప్పా, అయిపోతాది."

మునివెంకటప్ప కూర్చోలేదు. "హొసతొడకు పొద్దు ఏం చేస్తే ఏడాదంతా అదే నడస్తాదంటారు సార్ మా ఇండ్లల్లో. ఆ పొద్దు కొట్లాడితే ఏడాదంతా కొట్లాటే. ఆ పొద్దుకని అబద్ధం రాస్తే ఏడాదంతా అబద్ధంలోనే బతకల్ల. నా చేత కాదు."

"ఉద్యోగం పోతే ఏడాదంతా ఏం తింటావప్పా?" అన్నాను నేను. కోపంగానే అన్నాను.

"మా అన్నకీ నాకీ మాటల్లేవు మేడమ్. దొడ్డబళ్ళాపురంలో మా నాయన మగ్గాల షెడ్డు పంచుకునేటప్పుడు తెగిపోయింది. ఈ తూరి హొసతొడకుకి వస్తానని కబురు పంపినాడు. అట్లాంటి దినానికి జొరమని పేరు పెట్టేదా? మీరే చెప్పండి."

ఆ రోజు పంపులు ఎవరు చూశారని అడిగాను.

"ఇంకో షిఫ్టు చూసే యూసుఫ్‌కి చెప్పి పెట్టినా. రంజాన్ పండక్కి వాని డ్యూటీ నేను చేస్తా. ఏటా మాకు ఇదే వాడిక. ఒక్క ట్యాంకూ ఎండలా మేడమ్, ఎవుర్నైనా అడగండి."

అడిగాను. ఎక్కడా చుక్క నీళ్ళకు ఇబ్బంది కాలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళుతున్నా నా ఒళ్ళు మండుతూనే ఉంది. జ్వరమన్న వాళ్ళందరి సెలవూ నా చేత్తోనే మంజూరుకు పెట్టాను. నిజం చెప్పినవాడికి నా టేబుల్ మీంచే మెమో వెళ్ళింది. ఈ మెమో వెనక్కి తీయించకపోతే ఆ కుర్చీలో కూర్చునే అర్హత నాకు లేదనిపించింది. "నీకెందుకమ్మా ఈ తలనొప్పి" అని సూపరింటెండెంట్ అంటున్నా వినకుండా, పొద్దున్నే ఫైలు పట్టుకుని రిజిస్ట్రార్ గదికి వెళ్ళాను.

విషయమంతా విని ఆయన కన్నడంలో ఒకే ప్రశ్న అడిగారు. "అయితే ఆ రోజు జ్వరాలన్నీ అబద్ధమంటారా?"

అప్పుడే ఆయన టిఫిన్ సంచీ లోపల పెట్టడానికి వచ్చిన డ్రైవర్ శంకరప్ప గుమ్మంలో ఆగిపోయాడు. హొసతొడకు నాడు అతనికీ జ్వరమే. ఆ పూట రిజిస్ట్రార్ ఆటోలో వచ్చారు. గాజు తలుపు అవతల పీఏ కంప్యూటర్లోకి తల దూర్చేశాడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం.

"నిజమే రాసిన మనిషికి ఒక్కడికే శిక్ష పడిందంటున్నాను సార్."

"సరే. అబద్ధం రాసినవాళ్ళ పేర్లు ఇవ్వండి. అందరికీ ఇదే మెమో ఇస్తాను. అప్పుడు న్యాయం సమానమే కదా?"

ఈ మాట వస్తుందని నేను ఊహించలేదు. ఒకణ్ణి ఒడ్డుకు లాగబోయి మిగతావాళ్ళందరినీ ముంచే పని. శంకరప్ప ముఖం పాలిపోయింది.

"ఇవ్వను సార్," అన్నాను. "వాళ్ళు పని దొంగలు కారు. మన క్యాలెండర్లో చోటు దొరకని పండగకు జ్వరంలో చోటు చేసుకున్నారు. దాన్ని రెస్ట్రిక్టెడ్ హాలిడేల్లో చేర్చండి. అదే అడుగుతున్నాను. మునివెంకటప్ప గైర్హాజరును క్యాజువల్ లీవ్‌గా మార్చండి."

రెస్ట్రిక్టెడ్ హాలిడే అంటే, రకరకాల పండగలున్న ఒక జాబితాలోంచి ఎవరి ఆచారం ప్రకారం వాళ్ళు ఏడాదికి ఒకటి రెండు ఏరుకునే సెలవు. జీతం పోదు, కారణం చెప్పక్కర్లేదు.

"మీరు వెళ్ళొచ్చు," అన్నారాయన.

వెళ్ళాను. మర్నాడు మళ్ళీ వచ్చాను. ఆ మర్నాడూ వచ్చాను. ఫైలు కదల్లేదు, నేనూ వదల్లేదు. గుమాస్తాకు ఉండే బలం అదొక్కటే. సూపరింటెండెంట్ నన్ను చూస్తేనే దండం పెట్టే స్థితికి వచ్చారు.

వారం తిరక్కముందే రిజిస్ట్రారే కబురు పెట్టారు. ఫైలు ఆయన ముందు తెరిచి ఉంది.

"నిన్న కారులో శంకరప్పను అడిగాను, ఆ రోజు నిజంగా జ్వరమేనా అని. సిగ్నల్ దగ్గర బండి ఆగాక, 'లేదు సార్, కూతుర్నీ అల్లుణ్ణీ ఊటకు పిలిచాను. మెమో ఇస్తే నాకివ్వండి, ఆ పంపు ఆయనకు వద్దు' అన్నాడు." పెన్ను మూత తీశారు. "ఆ రోజు నేను ఫోన్ చేసి జ్వరం ఎలా ఉందని అడిగానమ్మా. కొంచెం నయం సార్ అన్నాడు."

నవ్వాలో వద్దో తెలియక తల దించుకున్నాను. ఆయన సంతకం చేసి ఫైలు నా వైపు తోశారు. మెమో రద్దు, క్యాజువల్ లీవ్ మంజూరు.

"ఇంత పోట్లాడారు, మీ ఇంట్లో ఈ పండగ ఎలా చేస్తారు?"

"మా ఇంట్లో మాంసం వండరు సార్."

ఆయన మొదటిసారి నవ్వారు.

కబురు చెప్పడానికి పంపుహౌస్‌కు నేనే నడిచి వెళ్ళాను. మునివెంకటప్ప మోటారు ఆపి, చేతులు తుడుచుకుని దండం పెట్టాడు. సంతోషంలో అప్పుడు గుర్తొచ్చి అడిగాను, అన్న వచ్చాడా అని.

"రాలా మేడమ్."

మరి ఆ రోజంతా ఏం చేశావని అడిగాను.

"ఆకేసి పెట్టుకోని పొద్దుగూకేదాకా వాకిట్లోనే కూచున్నా. ఆ పొద్దు ఎదురుచూసినా కదా, ఇంక ఏడాదంతా ఎదురుచూసేదే," అని నవ్వాడు. ఆ నవ్వు చూడలేకపోయాను. ఏ భోజనం కోసం ఉద్యోగాన్ని పణంగా పెట్టాడో ఆ భోజనమే జరగలేదు. అయినా అతని మాటలో పశ్చాత్తాపం లేదు.

వేసవి దాటాక అతని ప్రొబేషన్ ముగిసింది, ఉద్యోగం ఖాయమైంది. 2024 జాబితాలో రెస్ట్రిక్టెడ్ హాలిడేల మధ్య హొసతొడకు చేరింది. అందరికంటే ముందు వచ్చిన చీటీ మునివెంకటప్పదే. అబద్ధానికి సెలవిచ్చి నిజానికి మెమో ఇచ్చే రూలు కనబడితే దాన్ని మోసే గుమాస్తానే ముందు ఎదురు తిరగాలి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్న పాఠాల్లో అదే పెద్దది. ఆ కాగితం పుట్టేది మన చేతి కిందే.

ఆ ఏడు హొసతొడకు నాడూ నేనే సెక్షన్‌లో కూర్చున్నాను. మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా తెరుస్తుంటే ఫోన్ మోగింది.

"మేడమ్, నేను మునెంకటప్ప. మీరు తినరని తెలుసు, అయినా చెప్పల్లనిపించింది. మా అన్న వచ్చిండాడు."

వెనక నుంచి ఒక పెద్దాయన గొంతు గట్టిగా వినిపించింది. "ఫోన్ తర్వాత మాట్లాడుదువు రారా, ముద్ద చల్లారిపోతాంది!"

ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకున్నాను. చుట్టూ ఎప్పటిలాగే ఖాళీ కుర్చీలు. ఆ రోజు మా క్యాంపస్‌లో ఒక్కరికీ జ్వరం లేదు.