దూడ వాటా పెరుగు

మాత్రలు ఒక్క పూటా మానలేదు. రక్తంలో హెచ్‌ఐవి కనపడ్డం లేదని కూడా చెప్పారు. అయినా ఒంట్లో సత్తువ లేదు, పొట్ట నిలవదు. సంతకి వెళ్తే కూరగాయల కంటే ముందు చాటు ఎక్కడుందో చూసుకునే బతుకైపోయింది నాది.

"ఈ జబ్బు ముందు దెబ్బతీసేది పేగునే" అంది అరకు ఆసుపత్రి డాక్టరమ్మ. "రోగాన్ని ఎదిరించే కణాలు ఎక్కువగా ఉండేది అక్కడే. రక్తం బాగుపడ్డా పేగు కుదుటపడ్డానికి టైము పడుతుంది. పరీక్షల్లో ఇంకే రోగమూ లేదు. మాత్రలు మానకు. అంబలి తాగుతున్నావుగా, మంచిదే. రోజూ కాస్త పెరుగు కూడా తిను."

పెరుగంట! అనంతగిరి పైన మా ఊళ్ళో ఇంటింటా ఆవులున్నాయి, పెరుగు చుక్క లేదు. మా కొండవాళ్ళం పాలు పితకం. ఆవు పాలు దూడవి, అంతే. పోనీ అని షావుకారు కొట్లో ప్యాకెట్ కొన్నాను. కొండెక్కే జీపులో ఒకాయన సరిగ్గా దానిమీదే కూచున్నాడు. ఆయన నల్ల ప్యాంటు తెల్లబడింది, నా పొట్ట మాత్రం అలాగే ఉంది.

ఇంటికొచ్చి, "మన ఆవుకి పాలున్నాయి కదా అత్తా" అన్నాను మెల్లిగా.

"ఓలమ్మా! దూడ నోటికాడది లాక్కుంతావేటే? సిగ్గు నేదా?" అని ఇంతెత్తున లేచింది.

నాకు ఒళ్ళు మండింది. "కొడుకు పోయాడు. కోడలూ పోతే ఆ దూడే నీకు అంబలి కాచి పోస్తుందిలే!" అనేశాను. మాట జారాక భయమేసింది. అత్త చీపురు తీసుకుంది. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది.

మర్నాడు పొద్దున్నే పశువుల పాకలో ధబ్బుమని చప్పుడు. పరిగెత్తాను. అత్త గడ్డిలో వెల్లకిలా పడుంది, చెంబు గోడ పక్కకి ఎగిరిపోయింది. పుట్టి బుద్ధెరిగి పాలు పితకని మనిషి, సరిగ్గా ఆవు వెనకాల కూచుని, తోక పక్కకి నెట్టి పితికిందట! తన్నకేం చేస్తుంది? నాకు నవ్వాగలేదు.

"నవ్వుతావేటే, నీ జిమ్మడ! బేగి నేపు!"

లేపాను. నడుం రుద్దుకుంటూ మళ్ళీ కూచుంది, ఈసారి పక్కన. అప్పుడు చూశాను, దూడ ముందు అత్త అంబలి గిన్నె ఉంది. ఆవిడ పొద్దుటి తిండి అంతా అదే. నా వైపు చూడకుండా దూడకి చెప్పుకుంటోంది.

"కోపం సెయ్యకమ్మా. ఒక్క సెంబుడే. నీకు మీ యమ్మ ఉంది. ఈ కోడలు గుంటకి నేనే ఉన్నాను."

వెళ్ళి దూడ మెడ పట్టుకుని ఏడ్చాను.

పొట్ట కుదుటపడ్డానికి నెలలు పట్టింది. అందులో మాత్రల వాటా ఎంతో, పెరుగు వాటా ఎంతో డాక్టరమ్మ కూడా చెప్పలేదు. ఇప్పుడు సంతకి వెళ్తే ముందు వంకాయలే చూస్తున్నాను. అత్త మాత్రం ఇవాళ్టికీ ఆ పెరుగు వేలితో ముట్టదు. అది దూడదట.