పిన్ని కాదు, అత్త

పేకముక్కలు కలిపే చప్పుడు మా ముందుగదిలోంచి వంటింటిదాకా వినిపిస్తుంది. వెంటనే సిగరెట్టు వాసన, ఆ వెనకే ఎవరో ఒకరు టీ సంగతి గుర్తుచేస్తూ దగ్గడం. మా ఆయన రిటైరైన దగ్గర్నుంచి విశాఖపట్నంలో మా ఇంట రోజూ సాయంత్రం ఇదే వరస. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లో ఒక గది, ఆ గది గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్న పైడమ్మత్త గుర్తుకొస్తుంది. అత్త అంటున్నాను గాని ఆవిడకీ మాకూ ఏ చుట్టరికమూ లేదు. అసలు ఆ మాట నా నోట రావడానికి దాదాపు ఏడాది పట్టింది. ఎందుకంత కాలం పట్టిందో చెప్పాలంటే నా అనుమానాల గురించి చెప్పుకోవాలి. అవి ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

అవి అరవైల నాటి రోజులు. మా నాన్న ఒరిస్సా వైపు ఒక చిన్న స్టేషన్లో పాయింట్స్‌మన్. నాకు ఖరగ్‌పూర్ కాలేజీలో బి.ఎ.లో సీటొచ్చింది. రైల్వే వాళ్ల పిల్లలకు పాస్ ఉంటుంది కాబట్టి రైలుకు పైసా ఖర్చు లేదని ఇంట్లో అందరూ సంబరపడ్డారు. ఖర్చు లేని మాట నిజమే. కాని ఆ పాసింజరు తీరిగ్గా వచ్చేది, గూడ్సు బండి కనిపిస్తే చాలు, దారిచ్చి నిలబడిపోయేది. నేను కాలేజీ చేరేసరికి మొదటి క్లాసు ఎప్పుడో అయిపోయేది. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఒళ్లంతా బొగ్గు నుసి, కళ్ల నిండా నిద్ర. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపించేవి కాదు. ఆరు నెలలు తిరక్కుండానే హాజరు చాలదు, ఇలాగైతే యూనివర్సిటీ పరీక్షకు పంపం అని కాలేజీలో ఖరాఖండిగా చెప్పేశారు. గది దొరికితే చదువు, దొరక్కపోతే ఇంటికి.

నాన్న డ్యూటీ మార్చుకుని నన్ను వెంటేసుకుని ఖరగ్‌పూర్ పేటల్లో గదుల కోసం తిరిగాడు. మలంచాలో ఒకాయన చెప్పిన అద్దె విని నాన్న మంచినీళ్లు అడిగి తాగి లేచొచ్చేశాడు. సుభాష్‌పల్లిలో ఇల్లావిడ మంచిదే, గది కూడా బాగుంది, కాని మూడు నెలల అద్దె ముందే ఇమ్మంది. పొద్దువాలి స్టేషనుకు తిరిగొస్తుంటే నాన్నకు తెలిసిన ఒక గ్యాంగుమన్ ఎదురై, వర్క్‌షాపులో ఫిట్టరు అప్పారావుగారి క్వార్టర్లో ముందుగది ఉంది, అడిగి చూడండి అన్నాడు. అలా వెళ్లాం పైడమ్మత్త ఇంటికి. పొట్టి మనిషి, ముక్కుకు రెండు వైపులా పుడకలు, అరిచినట్టు మాట్లాడుతుంది. నాన్నను అద్దె గురించి అడగనివ్వలేదు. నన్నే ఎగాదిగా చూసి, రోజూ సాయంత్రాలు ఇంటిపట్టునే ఉంటావా, ఎక్కడికైనా తిరుగుతావా అని అడిగింది. ఉంటానన్నాను. నెలకు పదిహేను ఇచ్చి బియ్యం పంపండి చాలు అంది. మలంచాలో చెప్పినదాంట్లో అది సగం కూడా కాదు. పైగా తిండితో సహా.

ఒక్కటే షరతు. రైల్వే క్వార్టర్లో గది అద్దెకివ్వకూడదు, తెలిస్తే క్వార్టరు పోతుంది. కాబట్టి ఎవరడిగినా నేను ఆవిడ అన్న కూతుర్ని, మేనకోడల్ని. నాన్న సరేనని తలూపి వచ్చేశాడు. ఇంటికొచ్చి చెబితే మా అమ్మ పొయ్యిలో పుల్ల అలాగే పట్టుకుని ఆగిపోయింది. వాళ్లకి కొడుకున్నాడా అని అడిగింది. ఉన్నాడు, సూరి, చక్రధర్‌పూర్ లోకోషెడ్‌లో పనిచేస్తున్నాడు, పెళ్లికాలేదు. "ఊరకే ఎవులిస్తారే అంత సవగ్గా? మేనకోడలంటే ఏటో నీకు తెల్దా? ఒల్లు దగ్గరెట్టుకుని ఉండు" అంది అమ్మ. ఆ మాట నా ట్రంకుపెట్టెలో బట్టలతో పాటు ఖరగ్‌పూర్ వచ్చింది.

నేను మొదటిరోజే జాగ్రత్త పడ్డాను. ఆవిడను పిన్నీ అని పిలిచాను. పిన్ని అయితే ఆవిడ కొడుకు నాకు అన్నవుతాడు, ఇంక ఎవరూ ఏమీ చెయ్యలేరు. అత్త అన్నానంటే బావ అయిపోతాడు, కొంప మునుగుతుంది. ఆవిడ వెంటనే దిద్దింది. నేను మళ్లీ పిన్నీ అన్నాను. ఇలా నెలల తరబడి మా ఇద్దరికీ ఆ ఒక్క మాట మీదే పోరు. కూర వడ్డిస్తూ, "ఏటే రవణా, అత్తా అంటే నోరు అరిగిపోద్దేటి?" అనేది. నేను తలవంచుకుని, కొంచెం పులుసు వెయ్యండి పిన్నీ అనేదాన్ని.

పోనీ ఊరికే అనుమానించానా అంటే అదీ కాదు. రుజువులు రోజుకొకటి దొరికేవి. ఓ రోజు నా జన్మనక్షత్రం అడిగింది. దుర్గాపూజ ముందు గాజులవాడు వస్తే నా చెయ్యి లాగి, తన గాజు నా చేతికి ఎక్కించి చూసుకుని తృప్తిగా తలాడించింది. చేపల పులుసు చెయ్యడం వచ్చా అంది. అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది సాయంత్రాల తంతు. నేను ముందుగదిలో పుస్తకం పట్టుకోగానే ఆవిడ గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చునేది. ఎవరో ఒకరిద్దరు మగవాళ్లు వచ్చి, అప్పారావు దాదా ఉన్నాడా అని లోపలికి తొంగిచూసేవారు. "మా అన్న కూతురు సదువుకుంటంది బాబూ, పరీచ్చలు" అని క్వార్టర్ల లైనంతా వినబడేలా చెప్పేది. ఏడాది పొడుగునా పరీక్షలేనా! నన్ను కాబోయే కోడలిగా ఊరంతా చాటింపు వేస్తోందని పళ్లు నూరుకునేదాన్ని. అప్పారావుగారు మాత్రం నోరు విప్పేవారు కాదు. వరండాలో కూర్చుని నా వైపు, నా గది వైపు దిగులుగా చూసేవారు. కోడలిగా నేను ఆయనకు నచ్చలేదేమో అనుకున్నాను. అది కాస్త ఊరటగా కూడా ఉండేది.

సూరి పూజ సెలవులకు వచ్చినప్పుడు నేను రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. అతను పాపం మంచివాడే. నా మొహం కూడా సరిగా చూడకుండా తిని, పడుకుని, వెళ్లిపోయాడు. అదీ నటనే అనుకున్నాను.

పరీక్షలు నిజంగానే దగ్గరపడ్డ ఒక ఆదివారం పొద్దున క్వార్టర్లు తనిఖీ చేసే ఆయన వచ్చాడు. బెంగాలీ ఆయన, చేతిలో నల్లగొడుగు. ఈ ఇంట్లో అద్దెకున్నారని ఎవరో ఫిర్యాదు చేశారట. అత్త వరండాలో తనకొచ్చిన బెంగాలీలో "ఆమార్ దాదార్ మేయే", మా అన్న కూతురు అని గట్టిగా చెప్పడం వినిపించింది. ఆయన తలాడించి, ఆవిడను బయటే ఉండమని, ఒక్కడే నా గదిలోకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మర్యాదగానే అడిగాడు.

"ఉని తోమార్ కే హన్? పిషి, నా మాషి?"

ఆవిడ నీకేమవుతుంది, మేనత్తా, పిన్నా అని. మనకు లాగే వాళ్లకూ ఆ రెండూ వేరువేరు మాటలు. ఇంగ్లీషులో అడిగి ఉంటే ఆంటీ అని తప్పించుకునేదాన్ని. ఇక్కడ సందు లేదు. కిటికీలోంచి పెరట్లో కుళాయి దగ్గర అత్త వీపు కనిపిస్తోంది. బకెట్టు నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి, ఆవిడ కుళాయి కట్టడం లేదు. మాషి అన్నానా, ఆవిడ చెప్పింది అబద్ధమని తేలిపోతుంది, క్వార్టరు పోతుంది, నా గదీ పోతుంది, మళ్లీ ఆ పాసింజరు బండి, ఇంక పరీక్ష లేనట్టే. పిషి అన్నానా, ఇన్నాళ్లూ పళ్లబిగువున ఆపుకున్న మాట నా నోటితో నేనే అన్నట్టు. అబద్ధం చెప్పడానికి భయపడలేదు నేను. ఆ అబద్ధం నిజమైపోతుందేమోనని భయపడ్డాను.

"పిషి" అన్నాను.

మా నాన్న పేరు అడిగాడు, చెప్పాను. బయట ఆవిడ చెప్పిన పేరూ అదే కాబోలు, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన వీధి మలుపు తిరగ్గానే నేను పెరట్లోకి పరిగెత్తి, ఏడుపు ఆపుకోలేక, నేను మీ సూరిని చేసుకోను, ఇప్పుడే చెప్తున్నాను అని అరిచేశాను. ఆవిడ నా వంక నోరు తెరుచుకుని చూసింది. తర్వాత తడి నేల మీదే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వి నవ్వి, నా చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి తీసుకెళ్లి చాప ఎత్తి చూపించింది. కింద సిమెంటు మీద సిగరెట్లు ఆర్పిన మచ్చలు. వచ్చిన కొత్తలోనే చూశాను. వాటినీ అనుమానించాను గాని ఇలా అనుకోలేదు.

"నువ్వు రాకముందు ఈ గదిలో పేకాటే. జీతాల రోజునాడు మొదలెడితే మా ఆయన జేబు కాళీ అయ్యేదాకా లెగిసీవోరు కాదు. నా కమ్మలు ఈ గదిలోనే పోనాయి. ఎంత ఏడిసినా ఆగనేదు. ఆడపిల్ల కూకుని సదువుకుంటంటే మరి రాలేరు కదా. నీ పదిహేను రూపాయలు కాదే నాకు లెక్క, నువ్వు ఈ గదిలో కూకోడం లెక్క."

ఈ పిల్ల నీ మేనకోడలు కాదు కదా అని అప్పారావుగారు నలుగురిలో అనలేకపోయేవారు. అంటే అద్దె సంగతి బయటపడి క్వార్టరుకే ముప్పు. పెళ్లాం చెప్పిన అబద్ధంలో తనూ ఇరుక్కుని, సాయంత్రాలు పొద్దుపోక పెరట్లో ఆనపపాదు పెంచుకున్నారు. ఫిర్యాదు చేసింది ఎవరో కాదు, పేకకు చోటు పోయినవాళ్లలో ఒకడే అయ్యుంటాడని అత్త అనుమానం. ఆవిడ అనుమానాలు నావాటిలా కావు, తగలవలసిన చోటే తగిలేవి. మరి అత్తా అనే పిలవమని ఎందుకంత పట్టు పట్టారు అని అడిగాను. "నాకు అక్కసెల్లెళ్లు లేరని ఈ లైనంతా తెలుసు. ఉన్నోడు ఒక్క అన్న, మా ఊర్లో ఉన్నాడు, ఆడినెవులూ సూడనేదు. నువ్వు పిన్నీ అన్నప్పుడల్లా నా గుండె జారిపోయీది" అంది.

మరి నక్షత్రం? గాజులు? అదీ అడిగేశాను. అత్త చాప మళ్లీ పరిచి సరిచేసింది. "ఆశ ఉంటే ఉండనీ, తప్పేటి? నువ్వు ఒల్లవని పిన్నీ అన్ననాడే తెలిసిపోనాది. మరి అడగనేదు కదా" అంది. చూశారా, నా అనుమానం మరీ అంత తప్పు కాదు.

ఆ రోజు నుంచి అత్తా అనే పిలిచాను. చదువు పూర్తయ్యేదాకా ఆ గదిలోనే ఉన్నాను. అంతకుముందు నేను రైలూ గదీ బేరీజు వేసినప్పుడల్లా మనకెంత పడుతుంది, మనకెంత మిగులుతుంది అనే చూసుకున్నాను. గుమ్మానికి అవతల పీట మీద కూర్చున్న మనిషి కూడా తన బతుకు బేరీజు వేసుకునే నన్ను లోపలికి రానిచ్చిందని నాకు తోచలేదు. ఎవరైనా చవగ్గా ఏదైనా ఇస్తే నాకు ఇప్పటికీ అనుమానమే. కాకపోతే నా దగ్గర ఏం లాగుతారో అని కాదు, వాళ్లకు ఏం కష్టం వచ్చిందో అని చూస్తాను.

తర్వాత సూరి పెళ్లికి వెళ్లాను. అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మేనకోడలికి పెట్టే చీర పెట్టింది. లైన్లో ఆడవాళ్లందరూ నా గడ్డం పట్టుకుని, బంగారం లాంటి మేనరికం తప్పిపోయిందని తెగ జాలిపడ్డారు. అత్త ఒక్కరికి కూడా అసలు సంగతి చెప్పలేదు. పైగా వాళ్లతో పాటు నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు నటనో నిజమో అడుగుదామనుకుంటూనే ఉన్నాను, ఆవిడ పోయింది. ఇంక అడగడానికి లేదు.

మా ముందుగదికి వీధి వైపు వేరే తలుపుంది. కాలేజీ దగ్గరే. నిన్న ఒక అమ్మాయి వచ్చి గది చూసుకుంది. దూరంగా ఉన్న పల్లె నుంచి రోజూ బస్సులో రాలేకపోతోందట. అద్దె చెప్పాను. ఆ పిల్ల మొహంలో రంగు మారింది. చుట్టూ చూసి, తలుపు గడియ చూసి, ఇంత తక్కువేంటి ఆంటీ అంది. సాయంత్రాలు ఇంటిపట్టునే ఉంటావా అని అడిగాను. ఉంటానంది, అనుమానంగానే. లోపల మా ఆయన పేకముక్కలు సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆంటీ కాదు, అత్తా అను అన్నాను. ఆ పిల్ల ఒక అడుగు వెనక్కు వేసింది. మాకు పెళ్లికెదిగిన కొడుకులెవరూ లేరని మాత్రం ఇంకా చెప్పలేదు.