తొమ్మిదో బిళ్ళ

రుక్కమ్మ గురించి చెప్పాలంటే ముందు నా నోటి దురుసు గురించి చెప్పుకోవాలి. "ఝాన్సీ, నీ నోటికి తాళం వేసేవాడు ఎక్కడున్నాడోనే" అని మా అమ్మ నేను స్కూల్లో ఉన్నప్పటి నుంచీ అనేది. పెళ్ళి అయింది, పదేళ్ళూ గడిచాయి, తాళం మాత్రం పడలేదు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మెదడు ఆపరేషన్ల గదిలో నేను టెక్నీషియన్‌ని. అక్కడ చిన్న పొరపాటుకి కూడా గట్టిగా అరవడం నా ఉద్యోగ ధర్మం అనుకునేదాన్ని.

రుక్కమ్మ పుట్టిల్లు సాతంరాయి, మెట్టినిల్లు మామిడిపల్లి. యాభై దాటింది. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో, విమానం దిగినవాళ్ళు బయటికొచ్చే వైపు బాత్రూములు శుభ్రం చేసే పని. ఆమె భర్త కుర్మయ్య ఒకప్పుడు నలభై గొర్రెలు కాసేవాడు. మేపడానికి చోటు కరువయ్యాక మంద అమ్మేసి, గగన్‌పహాడ్‌లో ఒక గోదాముకి కాపలా కుదిరాడు. కుర్మయ్యని మా ఆసుపత్రికి తెచ్చినప్పుడు, స్కాన్ గది బయట కూర్చుని రుక్కమ్మే ఇదంతా చెప్పింది.

"ఏ పిల్ల ఏ గొర్రెదో మొకం జూసి చెప్తుండె బిడ్డా. ఇప్పుడు గేటు కాడికొచ్చిన లారీ నంబరు సుత కానొస్తలేదు."

పక్కనే కుర్మయ్య చిన్నగా నవ్వాడు. "దీని మొకం మాత్రం కానొస్తది లే. గది చాలు" అన్నాడు. రుక్కమ్మ సిగ్గుపడి కొంగు సర్దుకుంది.

కుర్మయ్యకి మొదట కుడి కన్ను మసకబారింది. చుక్కల మందు వేశారు, రెండుసార్లు అద్దాలు మార్చారు. ఆ కన్ను పూర్తిగా పోయాక గానీ స్కాన్ దాకా రాలేదు. కళ్ళ వెనకాల, పుర్రె అడుగున గడ్డ ఉంది. అది ఎడమ కంటి నరాన్ని కూడా చుట్టేస్తోంది. డాక్టరుగారు బొమ్మ చూపించి పావుగంట చెప్పారు. అంతా విని రుక్కమ్మ ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"ఎడమ కన్ను దక్కుతదా సారు?"

"ప్రయత్నిస్తామమ్మా. తీయకపోతే మాత్రం అదీ పోతుంది" అన్నారాయన.

ఆ చోటికి చేరే దారి చాలా ఇరుకు. చుట్టూ నరాలు, రక్తనాళాలు. అందుకే కంప్యూటర్ సాయం తీసుకుంటాం. నుదుటి మీద, కణతల దగ్గర, చెవుల వెనక చిన్న గుండ్రటి బిళ్ళలు అంటించి స్కాన్ తీస్తాం. ఆపరేషన్ గదిలో తల కదలకుండా బిగించాక, ఒక్కో బిళ్ళనీ ఒక మొనతో తాకి కంప్యూటర్‌కి గుర్తు చూపించడం నా పని. అప్పుడది మనిషి తలనీ స్కాన్ బొమ్మనీ కలుపుకుంటుంది. ఆ తర్వాత డాక్టరు చేతిలోని పరికరం లోపల ఎక్కడుందో తెర మీద కనబడుతూ ఉంటుంది. బిళ్ళ జరిగితే ఆ లెక్కంతా తప్పుతుంది. కుర్మయ్యకి తొమ్మిది బిళ్ళలు నేనే అంటించాను. చుట్టూ పెన్నుతో గీతలు గీశాను. వీటి మీద చేయి పడకూడదని ఇద్దరికీ రెండేసి సార్లు చెప్పాను.

మర్నాడు పొద్దున ఆపరేషన్ గది తలుపు దగ్గరికి స్ట్రెచర్ వచ్చింది. కుర్మయ్య నుదురంతా పచ్చగా ఉంది. నడి నుదుటి మీది తొమ్మిదో బిళ్ళ పక్కకి ఒరిగి ఉంది. నేను గీసిన గీత ఆ పసుపులో కలిసిపోయింది.

"ఏంటిది?" అన్నాను.

"మల్లన్న బండారి బిడ్డా, దేవుని పసుపు. పెద్ద పనికి పోతే పెట్టకుంట పంపం. బిళ్ళ అడ్డమొచ్చింది, జర తీసి మళ్ల ఆడనే పెట్టిన."

నాకు ఒళ్ళు మండిపోయింది. నలుగురూ చూస్తుండగా అరిచాను. "నీకసలు బుద్ధుందా? ఇదేమన్నా బొట్టు బిళ్ళ అనుకున్నావా, తీసి పెట్టుకోడానికి? లోపల దారి తప్పితే ఆయనకున్న ఆ ఒక్క కన్నూ పోతుంది. పోతే ఆ పాపం నీదే!"

రుక్కమ్మ పసుపంటిన వేళ్ళు కొంగులో దాచుకుంది. మత్తుకి ముందు ఇచ్చిన మందుతో కుర్మయ్య అప్పటికే జోగుతున్నాడు. స్ట్రెచర్ లోపలికి వెళ్ళిపోయింది.

లోపల పసుపు తుడిచి తొమ్మిది బిళ్ళలూ తాకి చూశాను. తొమ్మిదోది దాదాపు సెంటీమీటరు జరిగిందని కంప్యూటర్ వెంటనే పట్టేసింది. దాన్ని లెక్కలోంచి తీసేశాను. మిగతా ఎనిమిదీ సరిగ్గా కూర్చున్నాయి. ముక్కు మీద, చెవి దగ్గర మొన పెట్టి మళ్ళీ సరిచూసుకున్నాను. తేడా లేదు. ఇదంతా ఐదారు నిమిషాల పని. ఒక్కడుగు బయటికి వేసి రుక్కమ్మతో "ఏం భయం లేదు" అని చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ ఆలోచనే రాలేదు.

ఆపరేషన్ ఏడు గంటలు సాగింది. గడ్డ చాలావరకు తీశారు. కుర్మయ్య బతికాడు. కానీ కంటి నరానికి రక్తం ఇచ్చే సన్నటి నాళం గడ్డకే అతుక్కుని ఉంది. ఎడమ కన్ను దక్కలేదు. డాక్టరుగారు ఆ సంగతి రుక్కమ్మకి విడమరిచి చెప్పారట, ఆమె తల ఊపిందట. నేను ఇంకో కేసులో పడిపోయాను.

ఐదు నెలల తర్వాత చెన్నైలో ట్రైనింగ్ ముగించుకుని మధ్యాహ్నం విమానం దిగాను. బాత్రూములో నేల తుడుస్తున్న మనిషి తలెత్తింది. రుక్కమ్మ. నుదుటి మీద బొట్టు లేదు.

"కుర్మయ్యగారు...?"

"ఉన్నడు బిడ్డా. మంచిగనే ఉన్నడు. అరుగు మీద కూసుంటడు."

"మరి బొట్టు?"

"సారు చెప్పింది నా తలకెక్కలె బిడ్డా, నీ మాటే చెవుల నిలిచింది. నా చేతితోని పెట్టిన బండారే గద ఆయన కన్ను తీసింది. ఇగ నా మొకానికి బొట్టెందుకు?" ఎటో చూస్తూ అంది. "ఆయనకు చెప్పలె. చెయ్యి పట్టుకొని నడిపిస్త, బువ్వ కలిపి పెడ్త. గిది చెప్పనీకి మాత్రం నోరొస్తలేదు."

నా మీద నాకే అసహ్యం వేసింది. ఆమె చేతిలోని కర్ర తీసి గోడకి ఆనించి, బయట బెంచీ మీద కూర్చోబెట్టాను. జరిగినదంతా చెప్పాను. ఆ బిళ్ళని లెక్కలోంచి తీసేశానని, పరికరం దారి తప్పలేదని, కన్ను పోయింది ఆ గడ్డ వల్లేనని. "మీ తప్పు ఒక్క పిసరు కూడా లేదమ్మా. ఆ రోజు నేను అన్న మాట తప్పు. నన్ను క్షమించండి" అన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

ఆమె ముఖం తేలిక పడుతుందని ఎదురుచూశాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బిళ్ళ జరగబట్టే ఖరాబైందనుకున్న బిడ్డా. ఈపారి జరగకుంట జూసుకుంటే అయిపాయె అనుకున్న. ఎండకాలం పోనీ, మళ్ల దవాఖానకు పోదం, చూపొస్తది అని ఆయనకు రోజు చెప్తున్న. ఆయన సుత దినాలు లెక్కపెట్టుకుంట కూసున్నడు. నా తప్పు గాదంటే... ఇగ చూపు రాదన్నట్టేనా?"

జవాబు చెప్పక తప్పలేదు.

"రాదమ్మా."

రుక్కమ్మ నా చెయ్యి వదిలేసింది.

"తప్పు నాదే అయినా బాగుండు బిడ్డా" అంది.