చెరువు బాగానే ఉందని చెప్పండి

రెండు వేల సంవత్సరం దాటిన అయిదారేళ్లకి నేనొక టీపొడి కంపెనీ తరఫున ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగే ఉద్యోగం చేసేదాన్ని. ఏ పొడి వాడతారు, పొద్దున్నే ఎంతమంది తాగుతారు, పిల్లలకి కూడా ఇస్తారా, ఇలాంటివి. ఏలూరు, ఉంగుటూరు, తాడేపల్లిగూడెం, తణుకు నా వంతుకి వచ్చాయి. ఒంటరిగా వచ్చిన ఆడపిల్లకి గది ఇవ్వాలంటే లాడ్జీల వాళ్లు నేను జనాన్ని అడిగేవాటికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగేవాళ్లు. ఆ బాధ పడలేక, ఎవరో చెబితే, ఏలూరులో కాలవ పక్కన ఒక పాత మిషన్ కాంపౌండ్‌లో ఉన్న ఆడవాళ్ల హాలుకి చేరాను.

హాలంటే పెంకుల కప్పు కింద రెండు వరసల ఇనప మంచాలు. మంచానికీ మంచానికీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. బట్టలు ఆరేసుకోవడానికి వెనక వసారాలో ఒకటే తీగె, దాని కోసం రోజూ చిన్నపాటి యుద్ధం. పరీక్షలకి వచ్చిన ట్రైనింగు పిల్లలు, కోర్టు వాయిదాలకి వచ్చినవాళ్లు, ఆసుపత్రిలో తమవాళ్లున్నవాళ్లు అక్కడ దిగేవాళ్లు. ఎవరూ ఎవరి పేరూ అడిగేవాళ్లు కాదు. ఊరితోనో చేసే పనితోనో పిలుచుకునేవాళ్లం. నేను రాజమండ్రి అమ్మాయిని.

నాకంటే ముందునుంచీ ఆ హాలుకి వస్తూ పోతూ ఉన్న మనిషి లేసు పిన్నిగారు. ఆవిడది నర్సాపురం వైపు. పల్లెల్లో ఆడవాళ్లకి దారం ఇచ్చి, వాళ్లు అల్లిన లేసు తీసుకెళ్లడం ఆవిడ పని. అరవైకి దగ్గర పడిన వయసు. రోజూ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాకే పడుకునేది. పడుకుంటే మాత్రం గురక. ట్రైనింగు పిల్లలు వార్డెన్‌గారికి ఫిర్యాదు చేశారు. పిన్నిగారు వాళ్ల దగ్గరికి వెళ్లి, "మీరు ముందు నిద్రపోండమ్మా. మీ అందరికీ నిద్ర పట్టాకే నేను నడుం వాలుస్తాను," అంది. అన్నట్టే వాళ్లు పడుకునేదాకా గుమ్మం దగ్గర బల్బు కింద కూర్చుని లేసు అల్లుకునేది. రెండు రోజులకి ఆ పిల్లలే సిగ్గుపడి, "వచ్చి పడుకోండి పిన్నిగారూ," అన్నారు.

అబద్ధం అన్నది ఆవిడ నోట్లోంచి రాదని అందరికీ తెలుసు. హాల్లో కరెంటు హీటరు వాడకూడదని నిబంధన. అందరం వాడేవాళ్లం. ఒకరోజు ఫ్యూజు పోయి, "ఎవరు పెట్టారిది?" అని వార్డెన్‌గారు అడిగితే ఎవ్వరూ నోరు మెదపలేదు. "నేనేనండీ, కాస్త టీ నీళ్లు కాచుకుందామని," అంది పిన్నిగారు. ఆ హీటరుతో కాచిన టీ మేమందరం తాగినదే.

కొల్లేరు అక్క ఒక ఎండాకాలం మధ్యాహ్నం వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. మరిది గేటు దాకా వచ్చి దింపి వెళ్లాడు. చేతిలో ఒక చేతిసంచి, ఒక తాటాకు బుట్ట. బుట్ట లోపలికి రాగానే హాలంతా ఎండుచేపల వాసన కొట్టింది. ఒకావిడ ముక్కు మూసుకుంది. ఇంకొకావిడ మంచాన్ని చప్పుడయ్యేలా అవతలికి లాక్కుంది. కొల్లేరు అక్క ఎక్కడ నిలబడాలో తెలియక బుట్టని కొంగుతో కప్పింది. పిన్నిగారు లేచి వెళ్లి బుట్ట అందుకుని వెనక వసారాలో దూలానికి వేలాడదీసి వచ్చింది. తన దుప్పటి, దిండు తెచ్చుకుని ఆమె పక్క మంచం మీద వేసుకుంది.

"డాక్టరుగారికి ఇద్దామని తెచ్చానండీ. మా దగ్గర ఇంకేం ఉంటాయండి," అంది ఆమె సంజాయిషీగా.

ఆ సాయంత్రం వసారాలో కూర్చుని తన సంగతి చెప్పింది. భర్తకి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట పోయింది. మగవాళ్ల వార్డులో రాత్రిపూట ఆడవాళ్లని ఉండనివ్వరు కాబట్టి మరిది అక్కడ పడుకుంటున్నాడు. పగలు ఈమె చూసుకోవాలి. పిల్లలు లేరు.

ఆ ఏడాదే కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వంవాళ్లు మిషన్లు పెట్టి కొట్టేశారు. సరస్సు సరస్సులా ఉండాలంటే తప్పదని పట్నంలో అనేవాళ్లు. లంక ఊళ్లలో మాత్రం ఏ ఇంట్లో చూసినా ఏడుపే. వీళ్లకీ ఊరివాళ్లతో కలిసి ఒక చెరువులో వాటా ఉంది. భర్త పగలూ రాత్రీ గట్టు మీద పాకలోనే కాపలా ఉండేవాడు. పక్క చెరువు గట్టు మీదికి మిషన్లు వచ్చిన రోజునే ఆయన పడిపోయాడు. ఆసుపత్రిలో చేర్చిన మర్నాడు వీళ్ల గట్టూ కొట్టేశారు. చేపలన్నీ కొల్లేట్లో కలిసిపోయాయి.

"ఆయనకి తెలీదండి. మనసుకి కష్టం కలిగే మాట ఏదీ చెవిన వెయ్యొద్దన్నారు డాక్టరుగారు. మన గట్టు జోలికి ఎవరూ రాలేదని చెప్తున్నానండి రోజూ. చూడ్డానికి వచ్చేవాళ్లందరికీ ముందే బయట నిలబెట్టి చెప్తున్నాను."

నాలుగు రోజుల తర్వాత ఆమె పిన్నిగారినీ నన్నూ ఒక కోరిక కోరింది.

"మీరిద్దరూ ఒక్కసారి వచ్చి ఆయన్ని చూసి వెళ్లండి. నేను చెప్తే అనుమానంగా చూస్తున్నాడండి. పైమనుషులు చెప్తే నమ్ముతాడు. మా ఊరు మీదుగా వచ్చామని, చెరువు బాగానే ఉందని చెప్పండి."

"నాకు అబద్ధం చేతకాదమ్మా," అంది పిన్నిగారు.

"ఆయ్, తెలుసండి. మీ మొహం చూస్తే ఎవరికైనా తెలుస్తుందండి. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను."

పిన్నిగారు ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా, "పద అమ్మాయ్," అంది నాతో.

ఆసుపత్రిలో చూస్తే ఆయన భారీ మనిషి. మంచం చాలక పాదాలు బయటికి వచ్చేశాయి. మమ్మల్ని చూసి కొల్లేరు అక్క లేచి నిలబడి, "మన ఊరి మీదుగా వచ్చారు వీళ్లు. మనల్ని చూసి వెళ్దామని," అంది గట్టిగా, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు. నేను అవునన్నట్టు తలూపాను. ఆయన ఎడమ చెయ్యి ఎత్తి, బొటనవేలూ చూపుడువేలూ దూరంగా చాపి, నా వంక చూశాడు. చేప ఎంత పెరిగిందని అడుగుతున్నాడని అర్థమయింది. నేను పిన్నిగారి వైపు చూశాను.

పిన్నిగారు స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. గాల్లో ఆగిన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"తమ్ముడూ, నీ చెరువు నిండుగా ఉందయ్యా. శీలావతి చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. గట్టు మీద నిలబడి చూసి వచ్చాం."

ఆయన ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత మూతి ఒక పక్కే కదిలింది. నవ్వాడు. కొల్లేరు అక్క పరుగున వచ్చి కొంగుతో ఆయన పెదవి తుడుస్తూ, "చూశావా, నేను చెప్తే నమ్మావు కాదు," అని తనూ నవ్వింది.

బయటికి వచ్చాక పిన్నిగారు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయింది.

"ఇంత తేలిగ్గా వస్తుందనుకోలేదే అమ్మాయ్," అంది. ఆ సాయంత్రం దారం ముట్టుకోలేదు.

ఆ తర్వాత రోజులు కొంచెం తెరిపిగా గడిచాయి. కొల్లేరు అక్క సాయంత్రం హాలుకి రాగానే ఆయన ఎంత జావ తాగిందీ, ఎన్నిసార్లు నవ్విందీ చెప్పేది. ముక్కు మూసుకున్న ఆవిడే ఆమె కోసం టిఫిను తీసి ఉంచేది. ట్రైనింగు పిల్లలు మందుల చీటీలు చదివి ఏది ఎప్పుడు వెయ్యాలో చెప్పేవాళ్లు. ఆమె వాళ్ల తలలకి నూనె రాసి బిగించి జడలు వేసేది. డాక్టరుగారు పుచ్చుకోనన్న ఎండుచేపల్ని చివరికి వార్డెన్‌గారి వంటింట్లో వంకాయతో కలిపి పులుసు పెట్టింది. తింటామన్నవాళ్లూ తిన్నారు, వద్దన్నవాళ్లూ తిన్నారు.

నేను పనిమీద తాడేపల్లిగూడెం వెళ్లాను. ఉల్లిపాయల మార్కెట్టు వెనక వీధుల్లో కొన్నాళ్లు తిరిగి ఏలూరు వచ్చేసరికి ఆమె మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. పిన్నిగారు వసారాలో చెప్పులు వేసుకునే కూర్చుని ఉంది.

"తెల్లారగట్ల పోయాడు. ఆసుపత్రి నుంచి ఇప్పుడే తీసుకెళ్తున్నారు. వస్తావా?"

వాళ్ల వ్యానులోనే వెళ్లాం. దారి పొడుగునా కొల్లేరు అక్క ఆయన తల తన ఒడిలో పెట్టుకుని కూర్చుంది. కన్నీటి చుక్క లేదు. రోడ్డు ఆగిపోయిన చోట ఆయన్ని పెద్ద పడవలోకి ఎక్కించారు. ఆమె, చుట్టాలు అందులో ఎక్కారు. మేమిద్దరం వెనక చిన్న దోనెలో కూర్చున్నాం. మరిది గెడ వేస్తున్నాడు. గుర్రపుడెక్క తప్పించుకుంటూ వెళ్తున్నాం. తెగిన గట్ల ముక్కలు అక్కడక్కడా నీళ్లలోంచి పైకి తేలి ఉన్నాయి. ఒక ముక్క మీద కూలిన పాక, దాని మీద గూడకొంగలు.

"ఇదేనండి మా చెరువు," అన్నాడతను. అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు.

మళ్లీ తనే అన్నాడు. "మీకు చెప్పాలండి. అన్నకి తెలుసు."

"ఏం తెలుసు?" అంది పిన్నిగారు.

"గట్టు కొట్టేశారని తెలుసండి. కొట్టిన రోజు రాత్రే నా మొహం చూసి కనిపెట్టేశాడు. నేను దాచలేకపోయాను. చెప్పేశానండి. గోడవైపు తిరిగి తెల్లవార్లూ ఏడ్చాడు. తెల్లారి వదిన వచ్చే వేళకి తన కళ్లు తుడవమని నాకు సైగ చేశాడు. వదినకి చెప్పొద్దని నోటి మీద వేలు పెట్టాడండి. ఆవిడ అంత కష్టపడి చెప్తుంటే నమ్మినట్టు ఉండేవాడు."

పిన్నిగారు దోనె అంచు పట్టుకుని నీళ్లకేసి చూస్తూ ఉండిపోయింది.

ఊళ్లో పని అంతా అయ్యేదాకా కొల్లేరు అక్క ఏడవలేదు. వచ్చిన ప్రతి మనిషితోనూ ఒకటే మాట. "చెరువు సంగతి తెలీకుండా వెళ్లిపోయాడు. అంతే చాలు నాకు."

తిరిగి వచ్చేటప్పుడు ఆ విషయం ఆమెకి చెప్పొద్దని పిన్నిగారిని బతిమాలాను. ఉన్నది ఆ ఒక్క ఊరటే కదా, అది కూడా తీసేసుకుంటామా అన్నాను.

"ఆయన చేసిన పని ఆవిడకి తెలీకుండా మట్టిలో కలిసిపోతుందే," అంది పిన్నిగారు. ఆ రోజులన్నీ ప్రార్థన మునుపటికంటే ఎక్కువసేపు చేసేది.

పెద్ద దినానికి ఇద్దరం వెళ్లాం. భోజనాలయ్యాక పిన్నిగారు ఆమెని ఇంటి వెనక నీళ్ల ఒడ్డుకి తీసుకెళ్లి కూర్చోబెట్టి, మెల్లగా, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కొల్లేరు అక్క మరిదిని పిలిచి, "నిజమేనా?" అని అడిగింది. అతను తల వంచుకున్నాడు.

ఆమె పాదాల దగ్గరికి వచ్చిన నాచుని వేలితో తోస్తూ కూర్చుంది.

"అయితే ఆ నవ్వు నాకోసవా," అంది. గొంతు పగిలి ఒక్కసారిగా ఏడుపు వచ్చేసింది. ఇంట్లోంచి ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఏడుస్తూనే పిన్నిగారి చేతులు విదిలించేసింది.

"ఎందుకు చెప్పారండీ నాకు? ఇద్దరం కూర్చుని ఏడ్చుకోవలసిన రోజులండి అవి. ఆయనొక పక్క, నేనొక పక్క నవ్వుతూ గడిపేశాం. ఒక్కసారైనా కలిసి ఏడవలేదు. ఇప్పుడు తెలిసి నేనేం చేసుకోనండి?"

వచ్చేటప్పుడు ఆమె మాకు వెళ్లి రమ్మని కూడా చెప్పలేదు.

ఏలూరు హాల్లో పిన్నిగారు మునుపటిలాగే దిగేది. కానీ మాటలు తగ్గిపోయాయి. "చెప్పకుండా ఉండాల్సిందేమో," అని ఒకసారి, "అడిగిన రోజునే రానని అనాల్సింది," అని ఇంకోసారి. నేనేదో సర్దిచెప్పబోతే వినేది కాదు. తర్వాత నన్ను కంపెనీవాళ్లు కాకినాడ వైపు వేశారు. ఏడాదిపాటు ఏలూరు రాలేదు.

మళ్లీ వచ్చిన ఏడు, ఊడ్పుల కాలంలో, ఉంగుటూరు బస్టాపులో కొల్లేరు అక్క కనిపించింది. మోకాళ్ల దాకా బురద. పొలం నుంచి వస్తున్న ఆడవాళ్లతో ఆటో కోసం నిలబడి ఉంది. అక్కడ చెల్లెలి దగ్గర ఉంటూ కూలికి వెళ్తోందట. తనే నన్ను గుర్తుపట్టి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"పిన్నిగారు బాగున్నారా అమ్మా? ఆవేళ దుఃఖంలో ఏదో అనేశాను గానీ ఆవిడ మీద నాకు కోపం లేదని చెప్పు. తెలియడమే మంచిదయింది. ఇప్పుడు ఆయన్ని తలుచుకుంటే సరిగ్గా తలుచుకుంటున్నాననిపిస్తుంది. నేనే వచ్చి చెప్దునుగానీ పనులు వదలడం లేదు."

ఆ సాయంత్రమే హాలుకి వెళ్లాను. వార్డెన్‌గారు నన్ను చూడగానే కుర్చీ చూపించారు. పిన్నిగారు చలికాలంలో జబ్బు చేసి, నర్సాపురంలో కూతురింట్లో పోయారట.

"ఆఖరుసారి ఇక్కడికి వచ్చినప్పుడు కూడా, కొల్లేరు ఆవిడ మళ్లీ ఎప్పుడైనా వచ్చిందా అని అడిగారమ్మా," అన్నారు.

పట్టుకొచ్చిన మాట ఎవరికి చెప్పాలో తెలియలేదు. కొల్లేరు అక్కకి ఈ కబురు చెప్పాలా వద్దా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను. పిన్నిగారు బాగానే ఉన్నారు, మీ మాట విని సంతోషించారు అని చెప్పడం ఎంత సులువో అనిపించింది. మూడో రోజు ఉంగుటూరు బస్సెక్కి, వాళ్ల చెల్లెలి ఇల్లు వెతుక్కుని వెళ్లి, నిజమే చెప్పాను.

ఆమె నన్ను పక్కన కూర్చోమంది. అరుగు మీద కూర్చుని ఇద్దరం చాలాసేపు ఏడ్చాం.