బావ విప్పిన రహస్య లిపి

మా బావ మీద కోపం నాకింకా చల్లారలేదు. నా మీద నాకున్న కోపం అంతకంటే ఎక్కువ.

నెల్లూరులో డిగ్రీ పిల్లలకు సమాచార భద్రత పాఠం చెప్పే లెక్చరర్ని నేను. ఎంత గట్టి రహస్య లిపి అయినా, ప్రతి ఉత్తరం ఒకే మాటతో మొదలైతే దాని గుట్టు రట్టయినట్టేనని ఏటా బోర్డు మీద రాసి మరీ చెబుతాను. ఆ బుద్ధి ఇంటిదగ్గర ఏ గంగలో కలిసిందో!

అక్క నర్సింగ్ చదివింది. కోవూరు అవతల, రొయ్యల గుంటల పక్క ఊళ్లో కాపురం. ఉద్యోగం పేరెత్తితే బావ ఒంటికాలి మీద లేస్తాడు. ఆమె ఫోన్ రోజూ తీసి చూస్తాడు. అందుకని మేమిద్దరం చిన్నప్పటి ఆట ఒకటి బయటికి తీశాం: ప్రతి అక్షరానికీ బదులు వర్ణమాలలో దాని తర్వాతి అక్షరం రాయడం. కావలిలో ఒక ఆసుపత్రి వాళ్లు అక్కను ఇంటర్వ్యూకి పిలిస్తే, ఏ రోజు, ఏ బస్సు అన్నీ అలాగే రాసుకున్నాం.

మాది ప్రార్థనతో తెల్లవారే ఇల్లు. "దేవునికి స్తోత్రం" అని పైన పెట్టకుండా అక్క సరుకుల చీటీ కూడా రాయదు. దాన్నీ మా లిపిలోకి మార్చి ప్రతి మెసేజికీ మొదట పెట్టేది. నేను చూస్తూనే ఉన్నాను. దేవుడి మాట తీసెయ్యమంటే నొచ్చుకుంటుందని మొహమాటపడ్డాను. మొహమాటమట, నా మొహం!

ఇంటర్వ్యూ నాడు పొద్దున్నే బావ గేటుకు తాళం వేసి, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని నాకు ఫోన్ చేశాడు.

"ఏం మరదలా! మీ అక్క మొదట ఏం రాస్తాదో నాకు తెలీదా? ఆ ఒక్కటీ పట్టుకున్నా, మిగతాదంతా అదే వచ్చేసింది. ఇదేనా నువ్వు కాలేజీలో చెప్పే చదువు?"

వెనక అక్క ఏడుపు వినిపిస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మకు చెబితే, "మొగుడు చూడకూడని రాతలేందమ్మా మీకు?" అంది. ఆమెతో వారం రోజులు మాట్లాడలేదు.

లిపి మార్చి రాస్తే, ఇందులో ఏదో దాచారని ఎదుటివాడికి చూడగానే తెలిసిపోతుంది. అసలు దాచామన్న సంగతే తెలియకూడదు. ఈసారి నెల్లూరులోని ఆసుపత్రి; ఏ రోజు వచ్చినా ఇంటర్వ్యూ చేస్తామన్నారు. చర్చిలో కలిసినప్పుడు నోటితోనే చెప్పుకున్నాం. సర్టిఫికెట్లు నా చేతికిచ్చింది. బావ మర్నాడు ఊళ్లో ఉండడని తెలిసిన రోజు అక్క చేపల పులుసు వండి, కుటుంబం గ్రూపులో ఫొటో పెట్టాలి. పైన కనిపించే మామిడి ముక్కలు ఎన్నో, మర్నాడు అన్ని గంటలకు నేను బస్టాండులో ఉండాలి.

ఒక మధ్యాహ్నం ఫొటో వచ్చింది. తొమ్మిది ముక్కలు. అందరికంటే ముందు బావే "సూపర్" అని పెట్టాడు.

మర్నాడు తొమ్మిదికి అక్క బస్సు దిగింది. ఆ "సూపర్" చూపించి పడీపడీ నవ్వాను. అక్క నవ్వలేదు.

"నవ్వబాకే. పనికి పోతాండానని చెప్పేదానికి నా ఇంట్లో నేనే దొంగ మాదిరి ముక్కలు పేర్చుకున్నా. చదువుకున్నదాన్ని నేను! ఇంగ ఆ ఇంటికి పోయేది లేదు, ఆయనకి చెప్పెయ్. తెలుగులోనే చెప్పు."

సర్టిఫికెట్లు నా చేతిలోంచి లాక్కుని ఆటో ఎక్కింది.