నా బండి మామకు మొక్కిన రోజు

పెండ్లికి ముందే పిల్లనిచ్చే మామను మెడ మీద ఎక్కించుకొని ఊరేగించిన అల్లుడు సూరత్ మొత్తంల ఎవడన్న ఉన్నడంటె, అది నేనే. ప్రేమతోని చేసిన పని గాదు. ఒక చిన్న ఇనుప ముక్క నాతోని చేయించింది. ఇప్పుడు చెప్పుకుంటె నవ్వొస్తది గని, ఆనాడు మాత్రం పెండ్లి పోయింది, మామ నడుము పోయింది, నా ఇజ్జత్ అంతకంటె ముందే పోయింది అనుకున్న. మీరు నవ్వాలనుకుంటె నవ్వుండ్రి. గీ ముచ్చట మా పెండ్లాం చెప్పని సుట్టం ఇప్పటికి ఒక్కడు గూడ మిగల్లేదు, మీరెందుకు మిగలాలె?

నా పేరు శ్రీనివాస్. అందరు సీను అంటరు. సూరత్‌ల గోడాదరా అనే జాగల మరమగ్గాల కార్ఖానల ఫిట్టర్ పని. మగ్గాన్ని మేం సాంచ అంటం. సాంచ ఆగిందంటె నన్ను పిలుస్తరు. నేను పానా పట్టుకొని పెండ్లికొడుకు లెక్క నడుసుకుంట పోత, ఆడొక బోల్టు ఈడొక బోల్టు బిగిస్త, అది మళ్ల టకటక మొదలువెడ్తది. దాంతోని నాకేమైందంటె, లోకంల ఇనుముతోని చేసిన వస్తువు ఏదైనా సరే నా మాట ఇంటదని ఒక నమ్మకం కుదిరింది. వినకుంటె ఇంకింత గట్టిగ బిగియ్యాలె, గంతే అనుకునేటోన్ని.

అప్పుడే నాకు తాపీ నది అవతల అమ్రోలిల సంబంధం కుదిరింది. పిల్ల పేరు లావణ్య. వాళ్లది గూడ మా తెలుగోళ్ల దిక్కు నుంచి ఎన్నడో వచ్చిన కుటుంబమే. ఆమె మాత్రం ఈడనే పుట్టి పెరిగింది, రింగ్ రోడ్ మీద ఒక చీరల దుకాణంల కంప్యూటర్ పని చేసేది. ఒక మాట తెలుగుల మొదలువెట్టి, హిందీల మలిపి, గుజరాతీల దించేది. పిల్ల సరే అన్నది. నేనైతె పిల్ల నోరు తెరవకముందే సరే అన్న. ఇగ మిగిలింది పిల్ల తండ్రి మల్లేశం మామ.

మామ తక్కువ మాట్లాడే మనిషి. మాట్లాడితె మాత్రం రాత్రి అన్నం సహించదు. ఒకనాడు "సీనూ, నన్ను జర రింగ్ రోడ్ దాంక దించు" అన్నడు. సంబురంగ ఎక్కించుకున్న. తాపీ నది మీద పూల్, అదే వంతెన, ఎక్కినమో లేదో, బండి హ్యాండిల్ గజగజ ఊగుడు మొదలువెట్టింది. నాకది అలవాటే. మామకు కొత్త. దిగినంక బండి ముందటికొచ్చి నిలబడి చక్రం దిక్కు చానాసేపు చూసిండు.

"సీనూ."

"చెప్పు మామా."

"నా బిడ్డేమొ సరే అన్నది. నీ బండేమొ కాదు కాదు అని తొవ్వ పొడుగూత తలకాయ ఊపింది. ఇద్దరిట్ల ఎవరి మాట ఇనాలె?"

నేను నవ్విన. ఆయన నవ్వలేదు.

"ముందుగాల దీని సంగతి చూడు. ముహూర్తం సంగతి తర్వాత చూద్దం" అని ఎల్లిపోయిండు.

అగో, గట్ల నా పెండ్లి పోయి బండి ముందటి చక్రానికి చిక్కుకున్నది.

ఇంటికొచ్చి ఫోన్ల ఎతికిన. ముందటి చక్రం ఊగితె ఏం చెయ్యాలె అని అడిగితె లోకంల ఉన్నోళ్లందరు తలా ఒక మాట చెప్పిండ్రు. అందుట్ల ఒకాయన "ఫోర్క్ బ్రేస్ పెట్టుండ్రి" అన్నడు. ముందటి చక్రానికి రెండు దిక్కుల గుంతల అదురును తట్టుకునే రెండు షాకప్ కాళ్లుంటయి గద, ఆ రెండిటిని కలిపి పట్టుకునే ఇనుప పట్టీ అది. రెండు కాళ్లు చెరొక దిక్కు పోకుంట ఒక్కటిగ నడుస్తయట. నాకు తెగ నచ్చింది. మొగుడు పెండ్లాలకు కొంగుముడి ఏసినట్టు అనిపిచ్చింది. వెంటనే తెప్పిచ్చిన. నల్లగ నిగనిగ మెరుసుకుంట వచ్చింది.

నా రూం పార్ట్‌నర్ యాదగిరి గూడ మా కార్ఖానలనే పని చేస్తడు. వాడు ఫోన్ పట్టుకొని వీడియో పెట్టిండు, నేను పానా పట్టుకొని కూసున్న. వీడియోల మనిషి హిందీల నిమ్మళంగ చెప్తున్నడు. మడ్‌గార్డ్ మీద ఇట్ల పెట్టుండ్రి, ఈ బోల్టులు ఇట్ల ఎక్కియ్యిండ్రి అని. అన్ని ఎక్కిచ్చిన.

"ఇగ బంద్ చెయ్యి" అన్న.

"అరె, ఇంక ఉన్నది గద" అన్నడు యాదగిరి.

"ఏముంటదిరా? లైక్ కొట్టుండ్రి, సబ్‌స్క్రైబ్ చెయ్యుండ్రి, గంటి కొట్టుండ్రి. గంతే గద!"

వాడు బంద్ చేసిండు. నేను బిగిచ్చిన. ఎట్ల బిగిచ్చిన అంటె, సాంచలకు బిగిచ్చే పొడుగు పానా పెట్టి, కాలు గోడకు తన్ని, పండ్లు కొరికి బిగిచ్చిన. బోల్టు కుయ్యిమన్నది. యాదగిరికి బోల్టు మీద జాలి పుట్టింది.

"వారీ, జర ఊపిరాడనియ్యిరా దానికి."

"ఊపిరాడితె మళ్ల ఊగుతది. నీకేం తెల్వది, నువ్వు నోరు ముయ్యి" అన్న.

అయిపోయినంక హ్యాండిల్ పట్టి ఊపి చూసిన. రాతి స్తంభం లెక్క నిలబడ్డది. ఇగ నా సంబురం చూడాలె! ఆ వీడియో లావణ్యకు గూడ పంపిన, 'చూడు, ఇదంత నీ కోసమే' అని రాసి. బంగారు గొలుసు పంపినంత గర్వపడ్డ. బండి ఎక్కి గల్లీల ఒక్క చక్కర్ కొట్టి చూడాలె అనే బుద్ధి మాత్రం పుట్టలేదు. గట్టిగ ఉన్నదంటె మంచిగ ఉన్నదనే నా లెక్క.

మర్నాడు పొద్దున్నే అమ్రోలి పోయిన. బండి బాగైందని చెప్తె, మంచిగ నడిస్తె అట్లనే పెండ్లి బట్టలు చూద్దమన్నడు మామ, మళ్ల రింగ్ రోడ్డే పోవాలె. ఆయన ఇంట్లకెల్లి వచ్చి బండి చుట్టు తిరిగిండు. ఇనుప పట్టీని ఏలుతోని తట్టి చూసిండు.

"నువ్వే పెట్టినవా?"

"నేనే మామా."

"మెరుస్తున్నది" అని ఎక్కి కూసున్నడు. మామ నోటి నుంచి వచ్చిన మొదటి మెచ్చుకోలు అది. నా ఛాతి ఉబ్బి అంగి గుండీలు తెగుతయా అన్నట్టయింది.

మొదటి స్పీడ్ బ్రేకర్ మీద బండి ముందటి భాగం ధబ్బున కిందికి దిగింది. దిగింది దిగినట్టే ఉండిపోయింది. షాకప్ అన్నంక దిగాలె, మళ్ల లేవాలె. ఇది దిగుడు తప్ప లేసుడు మర్సిపోయింది. నేనేమొ కొత్త సామాను, జర సర్దుకుంటది అనుకున్న. రెండో గుంతల ఇంకింత దిగింది. ఇంకో గుంత, ఇంకింత. సూరత్‌ల గుంతలకు కరువా? బండి ముందట కిందికి పోయింది, ఎనుక మీదికి లేసింది. ఎనుక కూసున్న మామ పిల్లలు జారుడుబండ మీద జారినట్టు నా మీదికి జారుకుంట వచ్చిండు.

"మామా, జర ఎనుకకు జరుగు" అన్న మర్యాదగ.

"నేను ఎనుకకే జరుగుతున్న. బండే నన్ను ముందుకు నూకుతున్నది."

పూల్ దిగెటాలకు మామ కడుపు నా ఈపుకు అంటుకున్నది. ఇంకింత దూరం పోయెటాలకు ఆయన గదువ నా భుజం మీదికొచ్చింది. నా చెవి పక్కనే ఆయన ఊపిరి ఇనవడ్తున్నది. అందుట్ల కోపం గూడ ఇనవడ్తున్నది.

సిగ్నల్ కాడ ఆగినం. పక్కన స్కూటర్ మీద ఒక గుజరాతీ పెద్దాయన మమ్ములను కింది నుంచి మీది దాంక చూసి, "ఎ భాయ్, తమారీ గాడీ కోనే పగే లాగే ఛే?" అన్నడు. నీ బండి ఎవరి కాళ్లు మొక్కుతున్నది అని అడుగుతున్నడన్నట్టు. ఎనుక ఆటోల ఉన్నోళ్లు గూడ కిలకిల నవ్విండ్రు.

మామ నా చెవిల మెల్లగ అన్నడు: "సీనూ, నీకు నాకు నడుమ ఇగ జాగ లేదు. ఇంకో గుంత వచ్చిందంటె నేను పెట్రోల్ టాంకీ మీద ఉంట, నువ్వు చక్రం మీద ఉంటవు. ఏడనన్న ఆపు."

రింగ్ రోడ్‌ల ఒక చా కొట్టు కాడ ఆపిన. మామ నడుము మీద చెయ్యి పెట్టుకొని దిగిండు. ఫోన్ తీసి బిడ్డకు చేసిండు.

"బిడ్డా, నువ్వు పనిచేసే మార్కెట్ ముందట్నే ఉన్న. జర కిందికి రా. నీ స్కూటర్ తీస్కొని రా, నేను ఇంటికి పోత."

ఆ మాటతోని నా ప్రాణం షాకప్ కంటె కిందికి దిగింది. పెండ్లి బట్టలు చూస్తనని వచ్చిన మనిషి ఇంటికి పోత అంటున్నడంటె, ఇగ బట్టలు ఎవరికి? పెండ్లి ఎవరికి? మామకు ఒక చా చేతిల పెట్టి, నేను బండి ముందట దొంగ లెక్క నిలబడ్డ.

లావణ్య ఉరుక్కుంట వచ్చింది. తండ్రిని చూసింది, నన్ను చూసింది, తలకాయ వంచుకొని నిలబడ్డ బండిని చూసింది.

"క్యా హువా బాపూ? ఇదేంది గిట్ల వంగింది?"

"అతన్నే అడుగు" అన్నడు మామ. ఇందాకటిదాంక సీను అన్నోడు ఇప్పుడు 'అతను' అన్నడు, చూసిండ్రా?

లావణ్య వంగి ఆ పట్టీని చూసింది. "వీడియో మీరు పూరా చూసిండ్రా?"

"చూసిన."

"ఝూఠ్ మత్ బోలో, అబద్ధం వద్దు. ఆఖరికి ఏమన్నడు చెప్పుండ్రి."

"సబ్‌స్క్రైబ్ చెయ్యుండ్రి అన్నడు."

"దానికంటె ముందు!"

నేను చా కొట్టు దిక్కు చూసిన. చా కొట్టాయన నా దిక్కు చూసిండు. ఆయనకు గూడ జవాబు తెల్వదు.

ఆమె ఫోన్ తీసి వీడియో ముందుకు జరిపింది. ఆ మనిషి అదే నిమ్మళమైన గొంతుతోని చెప్తున్నడు: బోల్టులు అప్పుడే బిగియ్యకుండ్రి, వదులుగ ఉంచి, ముందటి బ్రేక్ పట్టి బండిని కిందికి మీదికి మంచిగ ఊపుండ్రి, రెండు కాళ్లు వాటి జాగల అవి కూసుంటయి, గప్పుడు బిగియ్యిండ్రి, అది గూడ హిసాబ్‌ల, ఎంత కావాల్నో అంతే బిగియ్యిండ్రి, లేకుంటె షాకప్ పట్టేస్తది. నేనేమొ రెండు కాళ్లు మెలిపడ్డప్పుడే, నా బలమంత పెట్టి, ఇగ జన్మల కదలకుంట బిగిచ్చిన.

"నేనైతె నిన్ననే పూరా చూసిన" అన్నది లావణ్య. "మీరు నా కోసం అన్నరు గద."

బండి సీటు కింద పానా ఉండె. మోకాళ్ల మీద కూసొని విప్పుడు మొదలువెట్టిన. మామకు గూడ తప్పు ఏడ జరిగిందో చూడాలనిపిచ్చినట్టున్నది, చా కప్పున్న చెయ్యి హ్యాండిల్ మీద ఆనిచ్చి వంగిండు. ఆఖరి బోల్టు వదులైందో లేదో, అంతసేపు బిగవట్టుకొని ఉన్న షాకప్ ఠప్పున మీదికి లేసింది. హ్యాండిల్ లేసింది, హ్యాండిల్‌తోని మామ చెయ్యి లేసింది, చెయ్యితోని కప్పు లేసింది. కప్పుల ఉన్న చా అంత నా నెత్తి మీద పడ్డది. అప్పటికే సల్లారింది కాబట్టి బతికిన.

నా ముక్కు మీదికెల్లి చా బొట్లు బొట్లుగ కారుతున్నది. అంతల ఒక వింత సప్పుడు ఇనవడ్డది. బండి సప్పుడేమొ అనుకున్న. కాదు, మల్లేశం మామ నవ్వుతున్నడు. ఎన్నడు నవ్వని మనిషి కదా, నవ్వు గూడ దగ్గు లెక్క మొదలైంది. తర్వాత పొట్ట పట్టుకొని నవ్విండు. లావణ్య కొంగు నోట్ల కుక్కుకున్నది.

"ఇగ ఊపు మరి! వీడియోల చెప్పిండు గద" అన్నడు మామ.

ఊపిన. బ్రేక్ పట్టి, చా కారుకుంట, బండిని కిందికి మీదికి ఊపిన. నెత్తి మీద బట్టల మూట ఎత్తుకొని పోతున్న హమాలీ ఒకాయన ఆగి, "భాయ్, ఛాస్ బన్ రహీ హై క్యా?" అని అడిగిండు. నేను నడిరోడ్డు మీద మజ్జిగ చిలుకుతున్న అనుకున్నడు పాపం. నిమ్మళంగ, పసిపిల్ల గౌను గుండీ పెట్టినట్టు, బోల్టులు బిగిచ్చిన.

షాకప్ దిగింది, లేసింది. నా పానం లేసొచ్చింది. "చూడు మామా" అని బండెక్కి ఒక చక్కర్ కొట్టిన.

హ్యాండిల్ మళ్ల గజగజ ఊగింది. ఎప్పటి లెక్కనే. కాదు, కాదు, కాదు.

దిగి నిలబడ్డ. లావణ్య వచ్చి ముందటి టైర్‌ను చెప్పు కాలుతోని ఒత్తింది. మెత్తటి ఇడ్లీ లెక్క లోపలికి పోయింది.

"హవా నహీఁ హై!" అన్నది. "ముందటి టైర్ల గాలి ఎప్పుడు కొట్టిచ్చిండ్రు?"

ఎనుక టైర్‌కు కొట్టిచ్చుడు యాదికున్నది. ముందటిదానికి... మీరు గూడ అడగకుండ్రి. బండి కొన్నప్పుడు షోరూమోళ్లు కొట్టిన గాలే ఉండొచ్చు.

పక్క గల్లీల పంక్చర్ దుకాణం కాడికి నూక్కుంట పోయి గాలి కొట్టిచ్చినం. మామను ఎక్కిచ్చుకొని తిరిగితె బండి దారం పట్టినట్టు సీదా పోయింది. హ్యాండిల్ కదిలితె ఒట్టు.

దిగినంక భయపడుకుంటనే అడిగిన, "మామా, నడుము ఎట్లున్నది?"

ఆయన అటు వంగి ఇటు వంగి చూసుకున్నడు. "ఎన్నో ఏండ్ల సంది పట్టేసి ఉండె. ఇయ్యాల జారుడుకు వదిలినట్టే ఉన్నది."

మామ బిడ్డ దిక్కు తిరిగిండు.

"టైర్ల గాలి తక్కువుండె, కొట్టిచ్చినం. పిలగాని తలకాయల గాలి ఎక్కువున్నది. దాని కోసం ఎవరి తానికి పోవద్దు, పెండ్లైతె అదే దిగుతది. పాండ్రి, బట్టలు చూద్దం."

ఆ మాట నాకు తిట్టు లెక్క ఇనవడలేదు. బాజా మోగినట్టు ఇనవడ్డది. నెత్తిల చా వాసనతోని, చీరల దుకాణంల మామ పక్కన కూసొని, ఆయన ఏ రంగు అంటె ఆ రంగుకు తలకాయ ఊపిన.

పెండ్లయింది. మామ చెప్పినట్టు గాలి గూడ మస్తు దిగింది. మొన్న ఇంట్ల ఫ్యాన్ కిటకిట అంటె నేను ముట్టలే, ఎలక్ట్రీషియన్‌ను పిలిచిన. ఆయన బిగిస్తుంటె చేతులు కట్టుకొని కింద నిలబడ్డ. చేతులు మస్తు దురదవెట్టినయి, అయినా విప్పలే.

అందుకే తాపీ తల్లి సాక్షిగ, మల్లేశం మామ నడుము సాక్షిగ ఒట్టేసి చెప్తున్న: ఇగ నా జన్మల గాలి చూడకుంట బోల్టు ముట్ట. ఆఖరిదాంక చూడకుంట వీడియో బంద్ చెయ్య. లైక్ కొట్టుండ్రి అంటె లైక్ కొడ్త, గంటి కొట్టుండ్రి అంటె గంటి కొడ్త, ఆ మనిషి దండం పెట్టి ఎల్లిపోయేదాంక చేతులు కట్టుకొని కూసుంట.